ఇంటి కాగితములు – ఊరి ఋణము

బందరులో మొన్న నొక పాతయిల్లు పడగొట్టిరి. మూడు తరముల వకీళ్లు కాపురమున్న యిల్లది. ఆ వంశమున న్యాయాధిపతులైనవారు కలరు. శాసనసభకు పోయినవారును గలరు. వారి పేరు మాకు దెలియును, చెప్పము. మేము చెప్పబోవునది యొక యింటి కథ గాదు గనుక చెప్పవలసిన పనియు లేదు. అటకమీదనుండి దింపిన కాగితపు కట్టలను, ఎఱ్ఱగుడ్డలో మూటగట్టినవానిని, తాటాకుబుట్టలలో ద్రొక్కినవానిని, పాతకాగితముల వర్తకుడు కాటాలో వైచి తూచుకొని పోయెను. రెండుదినములలో కొన్ని వీథిచివరి బజ్జీల దుకాణమునకు జేరినవి. ఆ సాయంకాలము మా చేతికి వచ్చిన పొట్లమును విప్పి చూడగా నూనెమరకల క్రింద 1949వ సంవత్సరపు చిత్తుప్రతి యొకటి కనబడినది. నిర్బంధములో నున్న యొకని భార్య, తన భర్తను ఏ జైలులో నుంచిరో తెలుపుడని వ్రాయించుకొన్న అర్జీ యది. ఆమె పేరున్నది. ఊరిపేరు సగమున్నది. రెండవ పుట లేదు. ఆమెకు జవాబు వచ్చెనో లేదో తెలియదు. బజ్జీలు చల్లారిపోయినవి, మాకు తిన మనసొప్పలేదు.

మేమును వకీళ్లమే. గ్రంథాలయోద్యమమున చందాపుస్తకము చేతబట్టి ఊరూర దిరిగినవారమే. మా యిండ్లలోను అటకలున్నవి, వానిమీద కట్టలున్నవి. కావున నీ మాటలు పరులను నిందించుటకు వ్రాసినవి గావు. మనము మనవారితో తగవాడుటకు వ్రాసినవి. మా వాదము రెండు వాక్యములలో నిముడును. న్యాయపీఠము నెక్కినవాడును, శాసనసభలో గూర్చుండినవాడును విడిచిపోయిన కాగితములు వారసులకు ఆస్తి యగునేమో గాని వారొక్కరికే ఆస్తి కావు. అవి ఊరికి దీర్పవలసిన ఋణము. ఆ ఋణమును దీర్చునపుడు నచ్చినవి యేరి యిచ్చుట తీర్చుట కాదు, ఉన్నవన్నియు నీయవలెను.

ఈ కుటుంబము లెట్లు పుట్టినవో మొదట జ్ఞప్తికి దెచ్చుకొందము. కృష్ణకు బెజవాడయొద్ద ఆనకట్ట 1855లో పూర్తియయ్యెను. కాలువనీరు పాఱినకొలది భూమికి విలువ హెచ్చెను. విలువ హెచ్చిన భూమికి వ్యాజ్యములు హెచ్చెను. వ్యాజ్యములు హెచ్చిన బందరు కోర్టులో వకీళ్లు హెచ్చిరి. గుడివాడ తాలూకా గట్టుతగాదాయు, దివిసీమ లంకభూముల తగాదాయు బందరు వకీలు ముంగిటికే వచ్చెడిది. ఆ ముంగిటనుండియే కొందఱు న్యాయపీఠమునకు, కొందఱు మద్రాసు శాసనసభకు, కొందఱు చెరసాలకు నడచిరి. బందరులో వకీలుగా నుండిన కొండ వెంకటప్పయ్య పంతులుగారు దాసు నారాయణరావుగారితో గలిసి 1902లో కృష్ణాపత్రికను స్థాపించిరనుట మన చదువరులు మఱవలేదు. కాబట్టి యిట్టి యింటిలో నొకే బీరువాయందు దావాకాగితమును, ఎన్నికల లెక్కయు, మంత్రికి వ్రాసిన లేఖయు, జైలునుండి వచ్చిన కార్డును పక్కపక్కన నుండును. ప్రభుత్వము తన కాగితములను శాఖలుగా విభజించుకొనును. జీవితము శాఖలుగా జరుగదు. జరిగినది జరిగినట్లు ఆ బీరువాలోనే యున్నది.

ఇక 1948 మొదలు 1951 వఱకు జరిగినదానికి వత్తము. అంతర్యుద్ధమను మాట కొందఱికి రుచింపదు. పోలీసు చర్య యనుడు, సాయుధపోరాట మనుడు, అల్లరులనుడు. పేరేదైనను జరిగినది మాఱదు. నైజాము రాజ్యమున తెలంగాణములో రైతులు ఆయుధములు బట్టిరి. 1948 సెప్టెంబరున భారతసేనలు ప్రవేశించి నిజాము ప్రభుత్వమును లొంగదీసిన పిదపను, 1951 వఱకు ఆ పోరాటము మఱియొక రూపున సాగెను. ఆ పోరుకు కృష్ణాడెల్టా పెరటిగుమ్మము. మనుష్యులును, ధనమును, పత్రికలును ఇటనుండియే పోయెను, దాగవలసినవారిటకే వచ్చిరి. మద్రాసు ప్రభుత్వము మలబారు పోలీసులను మన గ్రామములలో దింపెను. చల్లపల్లి సంస్థానపు కోటయు, పిమ్మట అఖిలభారత కమ్యూనిస్టు పక్షమునకు ప్రధానకార్యదర్శి యైన చండ్ర రాజేశ్వరరావుగారి స్వగ్రామము మంగళాపురమును ఒకే సీమలోనివి. ఒకే పొలముగట్టుమీద పెరిగిన కుటుంబములు చీలి ఎదురెదుట నిలిచినవి. అన్న కాంగ్రెసు, తమ్ముడు కమ్యూనిస్టు. మామ ప్రభుత్వ వకీలు, అల్లుడు ముద్దాయి. చంపబడినవా రిరువైపులను గలరు. అన్నదమ్ములు పోరిన పోరును అంతర్యుద్ధ మనక మఱేమందుము?

తరువాత నేమైనది? 1952 ఎన్నికలలో కమ్యూనిస్టులు కృష్ణామండలమున జయభేరి మ్రోగించిరి. 1955లో ఆంధ్రరాష్ట్ర శాసనసభలోని 196 స్థానములలో వారికి దక్కినవి 15. పిమ్మట పెండ్లిండ్లు జరిగినవి, వియ్యములు కలిసినవి, పంచదార కర్మాగారములు లేచినవి, సినిమాహాళ్లు లేచినవి. పోరిన యిండ్లవారు ఒకే పంక్తిని భోజనములు చేసిరి. మంచిదే. కాని యా పంక్తి సాగవలెనని కొన్ని విషయములు మాటాడుట మానిరి. పెద్దలు మాటాడని విషయములను పిన్నలడుగలేదు; అడుగని విషయములు కాగితములలో మిగిలినవి; ఇప్పుడా కాగితములు కాటాకెక్కుచున్నవి.

“ఆనాటి సంగతులు లా రిపోర్టులలో నున్నవి గదా” యని మా వృత్తిలోని మిత్రుడొకడనును. ఉన్నవి, కొన్ని యున్నవి. మద్రాసు రాష్ట్రముపై ఎ. కె. గోపాలన్ తెచ్చిన వ్యాజ్యమున సుప్రీంకోర్టు 1950 మే 19వ తేదిని తీర్పుచెప్పెను. వ్యక్తిస్వేచ్ఛ విషయమున నా తీర్పు మనకు నిరాశనే కలిగించెను. గోపాలన్‌గారు జైలులోనే యుండిరి. కాని యా న్యాయమూర్తులందఱు నొక్క విషయమున నేకీభవించిరి. నిర్బంధమునకు గల కారణములను న్యాయస్థానమునకైనను తెలుపరాదని శాసించిన 14వ సెక్షను చెల్లదనిరి. మనుష్యుని బంధింపవచ్చునేమో గాని, ఏల బంధించితిమో దాచిపెట్టు నధికారము ప్రభుత్వమునకు లేదని దాని భావము. అదే నెల 26వ తేదిని రమేశ్ థాపర్ వ్యాజ్యములో పత్రికపై మద్రాసువారు విధించిన నిషేధమును, 1952 మార్చి 31వ తేదిని వి. జి. రావు వ్యాజ్యములో సంఘములను చట్టవిరుద్ధములని ప్రకటించిన విధానమును కొట్టివేసిరి. ఇవి ఢిల్లీవఱకు బోయిన వ్యాజ్యములు. బందరు దాటనివి ఎన్ని? గుడివాడ మేజిస్ట్రేటు గుమ్మములోనే ఆగిపోయిన అర్జీ లెన్ని? వకీలు ఫీజు లేక చిత్తుప్రతిగానే మిగిలినవెన్ని? మా బజ్జీపొట్లము అట్టివానిలో నొకటి.

న్యాయస్థానములో అసలుప్రతి యుండునుగదా యందురేమో. 1917వ సంవత్సరపు రికార్డుల ధ్వంస చట్టమను నొక శాసనము కలదు. దాని క్రింద హైకోర్టులు చేసికొన్న నియమముల ప్రకారము, గడువుదీరిన దస్త్రములను న్యాయస్థానములు ధ్వంసము చేయవచ్చును. చోటు చాలని దస్త్రపుగదిని దలచుకొన్నచో నిది దోషమని మేమనము. కాని దాని ఫలితమేమి? కోర్టులోని అసలు పోయినపిమ్మట వకీలుకట్టలోని నకలే అసలగును. న్యాయాధిపతి తన యింటిలో విడిచిన గుర్తుల పుస్తకమే సాక్ష్యమగును. దానిని కాటాకు వేసినవాడు తన తాతగారి చెత్తను వదలించుకొంటినని యనుకొనును. వాడు వదలించుకొన్నది వేఱొకరి తాతయొక్క కడపటి జాడ.

ప్రభుత్వపు దాపరికము సంగతి వేఱుగా జెప్పనక్కఱలేదు. హైదరాబాదు రాజ్యమున సైనికచర్య తరువాత జరిగిన హత్యలను విచారించుటకై పండిత సుందరలాల్ మొదలైనవారు 1948 నవంబరు, డిసెంబరు నెలలలో నచట సంచరించిరి. మృతులు 27,000 మొదలు 40,000 వఱకు నుందురని వారు అంచనా వేసిరి. ఆ నివేదిక ప్రకటింపబడలేదు. చదువరులకది దక్కినది 2013లో. అరువదియైదు సంవత్సరములు! చూచినవారు పోయిరి, చేసినవారును బోయిరి. అప్పుడు కాగితము వచ్చినది. మన మండలము మాటయో? కాటూరు, యలమఱ్ఱు గ్రామములలో పోలీసులు జనమును వివస్త్రులను జేసి గాంధీమహాత్ముని విగ్రహము చుట్టు త్రిప్పిరని కమ్యూనిస్టు నాయకులు తమ గ్రంథములలో వ్రాసిరి. మన పెద్దలలో నీ మాట విననివారు లేరు. కాని దానికి సమాధానముగా గాని, సంజాయిషీగా గాని, పశ్చాత్తాపముగా గాని, ఆనాటి కాంగ్రెసు పెద్దలొకరికొకరు వ్రాసికొన్న దేమి? మండలాధికారి పైకి వ్రాసినదేమి? గాంధీపేరు చెప్పుకొని చెరసాలకు బోయినవారు ఆ విగ్రహముచుట్టు జరిగినదానిని విని యూరకుండిరని నమ్ముటకు మాకు మనసొప్పదు. వారూరకుండలేదని చూపగల కాగితము వారి వారసుల బీరువాలోనే యుండవలెను. దానిని దాచుటచే తాతగారి గౌరవమును గాపాడుచున్నామని వారు తలంచుచున్నారు. దాచుటచేతనే ఆ గౌరవము నశించుచున్నది.

ఇట్టి కుటుంబములు మనకొక్కరికే లేవు. మన పత్తికి 1861 మొదలు 1865 వఱకు హఠాత్తుగా ధర పలికినదనుట ముసలిరైతులు చెప్పుకొన్న మాటయే. ఆ ధరకు గారణము అమెరికాలో జరిగిన అంతర్యుద్ధము. బానిసలచే సేద్యము చేయించిన దక్షిణసీమల పత్తి రేవు దాటక నిలిచిపోగా, ఇంగ్లండు మగ్గములకు మన పత్తి కావలసివచ్చెను. ఆ దక్షిణసీమలో లమార్ వారని యొక వంశము గలదు. న్యాయాధిపతులకును రాజకీయవేత్తలకును పుట్టినిల్లు. తండ్రి జార్జియాలో న్యాయాధిపతి. పినతండ్రి టెక్సాసు స్వతంత్రరాజ్యముగా నున్నపుడు దానికధ్యక్షుడు. కుమారుడు లూషియస్ లమార్ 1861లో మిసిసిపీ రాష్ట్రము ఐక్యరాజ్యమునుండి విడిపోవు శాసనమును రచించెను. ఓడిన పిదప కాంగ్రెసు సభ్యుడై, సెనేటరై, మంత్రియై, 1888లో ఆ దేశపు సుప్రీంకోర్టు న్యాయమూర్తి యయ్యెను. వారి బంధువు మఱియొకడు 1911లో నదే పీఠమునెక్కెను. తిరుగుబాటు పత్రమును వ్రాసిన చేయి యిరువదియేడేండ్లలో తీర్పులను వ్రాసినది! ఇట్టివాని చరిత్రను దెలియగోరని వాడెవ్వడు?

ఆ చరిత్రను 1896లో వ్రాసినవా డెవ్వడు? అల్లుడు. ఇంటి కాగితములన్నియు నాతని చేతిలో నున్నవి. ఏది యెత్తవలెనో, ఏది విడువవలెనో ఆతడే నిర్ణయించెను. ఆ పుస్తకమున మామగారు సంధిదూతగా వెలిగెను. నీగ్రోల వోటుహక్కును బెదరించి అణచిన 1875 నాటి మిసిసిపీ రాజకీయములలో నాయన పాలెంతయని పిమ్మటి చరిత్రకారులు వాదింపవలసివచ్చెను. అదే వంశపు వేఱొక శాఖలో చార్లెస్ లమార్ అనువాడుండెను. బానిసల దిగుమతిని 1808లోనే నిషేధించియుండగా, 1858లో నీతడు వాండరర్ అను నోడపై నాలుగువందలకు పైగా ఆఫ్రికనులను దొంగతనముగా జార్జియా తీరమున దింపించెను. బానిసవ్యాపార నేరము రుజువు కాలేదు. ఆతడు వ్రాసిన లేఖల నకలుపుస్తకమునుండి కొన్ని భాగములు 1886లో నొక పత్రికలో వెలువడగా, అది కల్పితమేమోయని పండితులు చిరకాలము సందేహించిరి. దాదాపు నూటయిరువదియేండ్లకు పిమ్మట అసలు పుస్తకము న్యూజెర్సీలో నొక యింటి అటకమీద దొరకినది! అటక యనగా నక్కడను నదే యటక. న్యాయస్థానమున తప్పించుకొన్నవాడు అటకమీద దొరకిపోయెను. అల్లుడు వ్రాసిన పుస్తకము మామనెట్లు చూపదలచెనో చూపినది; అటకమీది పుస్తకము ఆ సంఘమెట్లుండెనో చూపినది. రెండును గావలెను, కాని రెండవది లేనిచో మొదటిది వట్టి స్తోత్రపాఠము.

మన స్తోత్రపాఠములకు కొదువ యున్నదా? షష్టిపూర్తి సంచికలు, శతజయంతి సంచికలు, విగ్రహావిష్కరణ సంచికలు. ప్రతి సంచికలోను జైలులో దీసిన ఛాయాచిత్రముండును. జైలునకు బంపిన ఉత్తరువుండదు. దానమిచ్చిన యెకరములుండును, ఖాళీచేయించిన పాలేళ్ల పేర్లుండవు. 1948లో మద్రాసు ప్రభుత్వము జమీందారీల రద్దు చట్టమును జేసినపుడు ఏ భూమి యెవరిపేర మాఱినదో చెప్పు కాగితము లుండవు. కమ్యూనిస్టు మిత్రులు నవ్వుకొననక్కఱలేదు. వారి అమరవీరుల సంచికలలోను, తమ దళము చంపిన గ్రామస్థుని పేరు కనబడదు. పక్షములోపల నొకరినొకరు నిందించుకొన్న లేఖలు కనబడవు. ఏఱుటలో నిరుపక్షములవారును సమర్థులే. ఏఱుటలో మాత్రమే వారి కైకమత్యము కుదిరినది.

ఆక్షేపణలను వినకుండ తీర్పుచెప్పుట మా వృత్తిధర్మము గాదు. మొదటి ఆక్షేపణ: “ఇంటిగుట్టు బజారున వేయుదుమా?” వేయవద్దు. భార్యాభర్తల ఉత్తరములను, రోగముల సంగతులను, ఆడపిల్లల పెండ్లి బేరములను గడువు పెట్టి ముద్రవేసి యీయవచ్చును. భారతప్రభుత్వపు పత్రములకే ముప్పదియేండ్లు రివాజుగా నున్నది; మీరు యాబది యడుగుడు, ఈయవలసినదే. గడువు పెట్టుట వేఱు, తగులబెట్టుట వేఱు. గడువులో నున్నది మన మనుమలకైన దక్కును. పొయ్యిలో నున్నది దైవమునకైన దక్కదు.

రెండవ ఆక్షేపణ మా వృత్తిలోనిదే, బలమైనది. కక్షిదారు వకీలునకు జెప్పిన మాటను వకీలు వెల్లడింపరాదు. సాక్ష్యచట్టములో 126వ సెక్షను ఈ విధిని శాసించినది. 2024 జూలై 1 నుండి అమలులోనికి వచ్చిన భారతీయ సాక్ష్య అధినియమమున నది 132వ సెక్షనుగా నిలిచినది. ఈ రక్షణ యెవరిది? కక్షిదారునిది, వకీలుది కాదు, వకీలు కుమారునిదంతకంటె కాదు. రహస్యము కాపాడుదునని చెప్పి దానిని బజ్జీల దుకాణమున నప్పగించుట యే సెక్షనున గలదు? న్యాయస్థానమున దాఖలు చేసినవి అప్పుడే బహిరంగములు; వానిని వేఱుచేయవచ్చును. దాఖలుకానివానిని కక్షిదారు వారసులు సమ్మతించువఱకో, గడువు దీరువఱకో మూసియుంచవచ్చును. చట్టమునకు వెఱచువానికి మార్గమున్నది. వెఱపును సాకుగా జేసికొన్నవానికి మార్గమక్కఱలేదు.

మూడవ ఆక్షేపణ: “మానిన పుండ్లను రేపుట యెందుకు?” మానినవని యెవరనుచున్నారు? ఈ మాటను మాతో నన్నవారందఱు మిద్దెయిండ్లవారు. మొన్న కోడూరు వైపునుండి యొక ముసలివాడు మా కచ్చేరీకి వచ్చెను. తన తండ్రిని పట్టుకొనిపోయిననాడు తాను తల్లి చంకలోని బిడ్డ నని చెప్పెను. కడలూరో, వేలూరో, సేలమో తెలియదు. తిరిగి రాలేదనుట మాత్రమే తెలియును. 1950 ఫిబ్రవరి 11వ తేదిని సేలం జైలులో కాల్పులు జరిగి 22 మంది ఖైదీలు చనిపోయినమాట ఆయనతో నెవరో యనిరట. ఆ లెక్కలో తన తండ్రి గలడా యని యడిగెను. పరిహారము అడుగలేదు, పింఛను అడుగలేదు. “తద్దినము ఏ తిథిని పెట్టవలెనో తెలిసికొందమని వచ్చితిని, బాబూ” యనెను. ఈయన పుండు మానినదా? అట్లే, దళమువారు రాత్రివేళ పిలుచుకొనిపోగా తిరిగిరాని కరణము కుమార్తె యొకతె గుడివాడ ప్రాంతమున గలదు. ఆమెకును నదే ప్రశ్న. పక్షములు వేఱు, ప్రశ్న యొక్కటే. ఆ ప్రశ్నకు జవాబుగల కాగితమును దాచుకొని శాంతినిగూర్చి ఉపన్యసించుట మర్యాద యనిపించుకొనదు.

మఱియు మన సీమలో జాగుచేయుట యన నేమో సముద్రుని యడుగవలెను. 1864 నవంబరు 1వ తేది రాత్రి ఉప్పెనలో బందరు చుట్టుపట్ల ముప్పదివేలమంది పోయిరని చెప్పుదురు. వారితోకూడ నెన్ని దస్త్రములు పోయెనో యెవ్వడు లెక్కించెను? 1977 నవంబరు 19వ తేదిని దివిసీమమీద విరుచుకొనిపడిన ఉప్పెనలో పదివేలకు పైగా ప్రాణములు పోయినవి. సొర్లగొంది, పాలకాయతిప్ప వంటి యూళ్లలో గోడలే మిగులలేదు. గోడలోని బీరువా యేమి మిగులును? ఉప్పెన రానియేడు చెదలు వచ్చును. చెదలు రానియేడు కుమారులు హైదరాబాదుననో, అమెరికాలోనో ఇల్లు కొనుక్కొని బందరు ఇల్లు అమ్మివేయుదురు. మూడింటిలో మూడవదే యిప్పుడు ముమ్మరముగా నున్నది.

మన పూర్వులు మనకంటె బుద్ధిమంతులు. గ్రామకరణములు దండకవిలెలలో ఊరి వృత్తాంతమును వ్రాసి తరతరములు నప్పగించుకొనిరి. 1800 ప్రాంతమున కర్నల్ మెకంజీ యొద్ద పనిచేసిన కావలి వెంకట బొఱ్ఱయ్య, లక్ష్మయ్య సోదరులు ఊరూర నడచి వానికి నకళ్లు వ్రాయించిరి. ఆ కైఫీయతులు లేనిచో మన గ్రామముల చరిత్రలో నెంత యంధకారమో చరిత్ర చదివినవారెఱుగుదురు. ఆ కరణములలో నొక్కడును “మా యింటి కవిలె మా యిష్టము” అని తలుపు మూసియుండినచో మన గతి యేమి? 1935లో పాతూరి నాగభూషణముగారు పుస్తకములను పడవకెక్కించి పెదవడ్లపూడి, కొల్లూరు కాలువవెంబడి చదువరి గుమ్మమునకు బంపిరి. కాలువవెంట పుస్తకము ఊరికి పోగలిగినపుడు, రోడ్డువెంట కాగితము బందరునకు రాలేదా?

ఇక చేయవలసినది. కుటుంబములవారు కట్టలను విప్పకముందే, ఏఱకముందే, జాబితా వ్రాయించి యప్పగింపవలెను. తమకు నకలు నుంచుకొనవచ్చును. వకీళ్ల సంఘములు తమ సభ్యుడు చనిపోయిన నెలలోపల ఆ యింటికి మనుష్యుని బంపి కట్టలనడిగి తెచ్చు బాధ్యతను వహింపవలెను. పూలమాలతోబాటు నొక గోనెసంచియు గొనిపోవుట మంచిది. పక్షములవారు తమ కార్యాలయముల దస్త్రములను మొదట తెఱచి, పిమ్మట పరులదానిని అడుగవలెను. ప్రభుత్వము బందరులోనే, మండల కేంద్రములోనే, ఎత్తైన అరుగుమీద, ఉప్పుగాలికి నిలిచెడి యొక పురాలేఖనిలయమును గట్టవలెను. ఉమ్మడిరాష్ట్రపు పురాలేఖల భవనము హైదరాబాదు తార్నాకలో నుండిపోయినది. 2014 తరువాత నది వేఱొక రాష్ట్రపు భూమి. కోడూరు ముసలివాడు అంతదూరము పోలేడు. 1993 నాటి కేంద్ర పబ్లిక్ రికార్డుల చట్టము ప్రయివేటు వ్యక్తులయొద్ద నున్న చారిత్రక పత్రములను దానముగానో క్రయముగానో స్వీకరించుటకు జాతీయ పురాలేఖలశాఖ కధికారమిచ్చినది. కాని స్వీకరించుటకు అధికారముండుట వేఱు, వీథిలోనికి వచ్చి యడుగుట వేఱు.

ఇచ్చిన దానము మరల పుచ్చుకొనరాదనుటయు వ్రాతలో నుండవలెను. ఢిల్లీ తీన్‌మూర్తి భవనమందలి గ్రంథాలయమునుండి జవాహర్‌లాల్ నెహ్రూ పత్రముల 51 పెట్టెలు 2008లో కుటుంబమువారికడకు పోయినవి; వానిని తిరిగి యిమ్మని 2024లో నా సంస్థవా రడుగవలసివచ్చెను. ఇందు నే పక్షముది న్యాయమని మేమిచట విచారింపము. ప్రధానమంత్రి కాగితములకే యీ గతి పట్టినపుడు, బందరు వకీలు కాగితములకు మొదటనే గట్టి ఒడంబడిక యవసరమని మాత్రము చెప్పుదుము.

ఆ బజ్జీపొట్లమును మేము పారవేయలేదు. నూనెను అద్దుడుకాగితముతో దీసి, రెండు అట్టలనడుమ భద్రపఱచితిమి. దానిపై నొక యిల్లాలి పేరున్నది, సగము ఊరున్నది, ప్రశ్న యున్నది. రెండవ పుట మన చదువరులలో నెవరి యటకమీదనైన నుండవచ్చును. ఈ ఆదివారము నిచ్చెన వేసికొని పైకెక్కి చూడుడు.